ఏ మందు కొట్టాడో అడగరా?

మన భాషలో 'మందు కొట్టడం' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి సీసా ఎత్తడం. రెండోది వీపున స్ప్రేయర్ తగిలించుకుని పత్తికో మిర్చికో పురుగుమందు చల్లడం. ఆరోగ్య శిబిరాల్లో ఈ మధ్య ఒకటే అర్థం మిగిలింది. రక్తపరీక్ష కాగితంలో ఎస్‌జీపీటీ అనే గడి పక్కన 'హెచ్' అక్షరం పడితే చాలు, "మందు కొడతావా?" అని అడుగుతారు. రైతు "కొడతానండీ, వారానికోసారి" అంటాడు. వాళ్లు తాగుబోతు అని రాసుకుంటారు. రైతు చెప్పింది మిర్చి చేను గురించి అని ఎవరూ పట్టించుకోరు.

ఇది నవ్వుకుని వదిలేసే విషయం కాదు. ఆ ఒక్క అక్షరం చూపించి టానిక్కులు అంటగడుతున్నారు, స్కానింగులకు పంపుతున్నారు, బీమా దగ్గర పేచీ పెడుతున్నారు, ఇంట్లో గొడవలు పెడుతున్నారు. మరోవైపు, పురుగుమందు చల్లేవాడికి ఈ దేశ చట్టం ప్రకారం చేయాల్సిన రక్తపరీక్షను మాత్రం ఏ ఊళ్లోనూ చేయడం లేదు. ఈ రెండు విషయాలనూ కలిపి చూడాలని ఈ వ్యాసం.

అంకె ఏం చెబుతుంది?

ముందు విషయం తెలుసుకుందాం. తెలియనివాడినే ఎవడైనా భయపెట్టగలడు.

ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనేవి మన శరీరంలో కణాల లోపల పనిచేసే ఎంజైములు. కొన్ని ల్యాబులు వీటినే ఏఎల్‌టీ, ఏఎస్‌టీ అని రాస్తాయి. రెండు పేర్లూ ఒకటే. కణం దెబ్బతింటే లోపలి ఎంజైము రక్తంలోకి కారుతుంది. గోతం చిరిగితే గింజలు కింద పడ్డట్టు. కింద పడ్డ గింజలు చూసి గోతానికి చిరుగు ఉందని చెప్పొచ్చు. ఎలుక కొరికిందా, కొక్కెం గుచ్చుకుందా, పాత గోతమా అన్నది గింజలు చెప్పవు. అలాగే ఎస్‌జీపీటీ పెరిగిందంటే ఎక్కడో కణాలు ఒత్తిడిలో ఉన్నాయని అర్థం. ఎందుకు అన్నది ఆ అంకెలో లేదు.

ఎస్‌జీపీటీ ఎక్కువగా కాలేయంలో ఉంటుంది. ఎస్‌జీఓటీ కాలేయంతో పాటు కండరాల్లో, గుండెలో, ఎర్ర రక్తకణాల్లో కూడా ఉంటుంది. చాలా ల్యాబులు 40 యూనిట్ల చుట్టూ గీత గీస్తాయి. ల్యాబును బట్టి ఆ గీత మారుతుంది. ఆడవాళ్లకు ఇంకా కిందనే గీయాలని వైద్యులు చెబుతారు. 45 వచ్చినా 60 వచ్చినా 'హెచ్' పడుతుంది. 800 వచ్చినా అదే 'హెచ్'. ఆ అక్షరానికి తేడా తెలియదు. చూసే మనిషికి తెలియాలి.

ఇంకో సంగతి. ఈ అంకె కాలేయం ఎంత బాగా పనిచేస్తుందో కొలిచేది కాదు. కాలేయం గట్టిపడిపోయిన సిర్రోసిస్ రోగికి కూడా ఎస్‌జీపీటీ మామూలుగా ఉండొచ్చు. కాలేయం పని తెలియాలంటే బిలిరుబిన్, ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టే సమయం చూడాలి. కాబట్టి 'హెచ్' పడినవాడు చచ్చిపోతాడనీ కాదు, పడనివాడికి ఏ జబ్బూ లేదనీ కాదు.

కారణాలు ఎన్నో, అడిగేది ఒక్కటే

ఎస్‌జీపీటీ కొంచెం పెరగడానికి మన దేశంలో ఎక్కువగా కనిపించే కారణం కాలేయానికి కొవ్వు పట్టడం. మద్యం చుక్క ముట్టనివారికీ వస్తుంది. సన్నగా ఉన్నవారికీ వస్తుంది. షుగరు, పొట్ట చుట్టూ కొవ్వు, రక్తంలో కొవ్వు ఉన్నవారికి మరీ ఎక్కువ. దేశంలో పెద్దవాళ్లలో మూడో వంతుకు పైగా ఇది ఉందని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు లెక్క తేల్చారు. కేంద్ర ప్రభుత్వం కూడా 2021లో దీన్ని జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో చేర్చింది. మూడు పూటలా పాలిష్ బియ్యమే కడుపుకు ఆధారమైన ఊళ్లల్లో, పప్పులూ చిరుధాన్యాలూ రేషను కార్డుకు అందని ఊళ్లల్లో ఈ జబ్బు పెరిగితే అది ఒక్క రైతు నోటి తప్పేనా?

తర్వాత హెపటైటిస్ బి, సి వైరస్‌లు. ఇవి ఏళ్ల తరబడి ఏ నొప్పీ లేకుండా లోపలే ఉంటాయి. సరిగా శుభ్రం చేయని సూదులు, రక్తం, తల్లి నుంచి బిడ్డకు, భార్యాభర్తల మధ్య వస్తాయి. ఒకే సూదితో పది మందికి ఇంజక్షన్లు పొడిచిన రోజులు మన ఊళ్లు చూశాయి.

తర్వాత మందు బిళ్లలు. క్షయకు వాడే ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ కాలేయం మీద భారం వేస్తాయి. మోతాదు దాటిన పారాసెటమాల్ ప్రాణమే తీస్తుంది. పెద్దవారికి రోజుకు నాలుగు గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల బిళ్లలు ఎనిమిది, పై హద్దు. తాగే అలవాటున్నవారికి, బక్కచిక్కినవారికి అంతకన్నా తక్కువే. కలుపు తీసి ఒళ్లు నొప్పులని ఒక బిళ్ల, జ్వరమని ఇంకో పేరుతో అదే బిళ్ల, జలుబు మందులో మళ్లీ అదే. ఎన్ని వేసుకున్నామో మనకే తెలియదు.

బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్న కూడా ఈ జాబితాలో ఉన్నాయి. ఆ బూజులోని అఫ్లాటాక్సిన్ కాలేయానికి విషం, క్యాన్సరు కారకం. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాల్లో తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని 100 మందికి పైగా చనిపోయారు. దాన్ని పరిశోధించింది మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే. మంచి గింజ మార్కెట్‌కు పంపి, రంగు మారిన గింజను ఇంటికి ఉంచుకునే ఇళ్లు మనకు కొత్త కాదు.

ఆ తర్వాత ఒళ్లు హూనమయ్యే పని. బరువులు మోస్తే, కండరాలు నలిగితే ఎస్‌జీఓటీ, దాంతో పాటు ఎస్‌జీపీటీ కూడా పెరుగుతాయి. వారం రోజుల దాకా దిగకపోవచ్చు. మా యార్డులో ఒక హమాలీ సోదరుడు రెండు రోజులు మిర్చి టిక్కీలు మోసి మూడోరోజు శిబిరానికి వెళ్లాడు. ఎస్‌జీఓటీ 96, ఎస్‌జీపీటీ 62. "లివరు పోతోంది, తాగుడు ఆపు" అన్నారు. పది రోజులు బరువు ఎత్తకుండా ఉండి మళ్లీ చేయిస్తే రెండూ మామూలుకొచ్చాయి. ఆ పది రోజుల కూలి ఎవరిచ్చారు? కండరం నుంచి వచ్చిందా, కాలేయం నుంచి వచ్చిందా అని తేల్చే సీపీకే పరీక్ష ఒకటుంది. మొదటిరోజే అది రాసి ఉంటే సరిపోయేది.

ఇక సారా, విస్కీ, బ్రాందీ. అవును, మద్యం కాలేయాన్ని తినేస్తుంది. దాన్ని వెనకేసుకొచ్చే ఉద్దేశం మన సంఘానికి లేదు. ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీకి రెట్టింపు దాటితే వైద్యుడు మద్యాన్ని అనుమానించడం న్యాయమే. తాగేవాడు ఎంత తాగుతున్నాడో దాచకుండా చెప్పాలి, ఆపాలి. కానీ బెల్టుషాపును గల్లీగల్లీకి తెచ్చిన పాలకులు, మద్యం టోకు వ్యాపారాన్ని ప్రభుత్వ కార్పొరేషన్ ద్వారానే నడిపి ఖజానా నింపుకునే పాలకులు, శిబిరంలో కూర్చుని రైతుకు నీతులు చెప్పడం ఏమి న్యాయం?

టానిక్కు సీసా రాజకీయం

మా పక్క ఊళ్లో నలభై ఏళ్ల కౌలు రైతు ఒకామె ఉంది. కల్లు కూడా ముట్టని మనిషి. శిబిరంలో ఎస్‌జీపీటీ 78 వచ్చింది. కూర్చున్న కుర్రాడు "ఇంట్లో మీక్కూడా అలవాటుందా అమ్మా?" అని నవ్వాడట. చేతిలో రెండు సీసాల లివర్ టానిక్కు, ఒక స్కానింగు చీటీ పెట్టి పంపారు. షుగరు చూడలేదు. హెపటైటిస్ చూడలేదు. ఏ మందులు మింగుతున్నావని అడగలేదు. మందు డ్రమ్ము కలిపేది ఎవరని అసలే అడగలేదు. తర్వాత సర్కారు ఆసుపత్రిలో చూస్తే షుగరు ఉందని, కాలేయానికి కొవ్వు పట్టిందని తేలింది. ఆమెకు కావలసింది షుగరు మందు, తిండి మార్పు. టానిక్కు డబ్బులు మాత్రం అప్పు పద్దులో చేరాయి.

కారణం తెలుసుకోకుండా ఏ టానిక్కూ కాలేయాన్ని బాగుచేయదు. పసరు మందులదీ అదే తీరు. ఆకుపసరు కాబట్టి హాని చేయదనుకోవద్దు. 2021లో తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని ముంబై వైద్యులు రాశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. వాళ్ల వాదులాట ఎలా ఉన్నా, ఎస్‌జీపీటీ పెరిగినవాడు వైద్యుడికి చెప్పకుండా ఏ ఆకూ, ఏ పొడీ మింగకపోవడమే మంచిది.

చట్టం చెప్పిన పరీక్ష ఎక్కడ?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

1968 పురుగుమందుల చట్టం కింద 1971లో నిబంధనలు వచ్చాయి. అందులో 37వ నిబంధన ఏం చెబుతుందో ప్రతి రైతూ తెలుసుకోవాలి. పురుగుమందుల తయారీలో గాని, చల్లడంలో గాని వాటితో సంబంధం ఉన్నవారిని పనిలో పెట్టే ముందు, ఆ తర్వాత నిర్ణీత కాలానికోసారి, ఆ ప్రమాదం తెలిసిన వైద్యుడు పరీక్షించాలి. ఆ వివరాలు రిజిస్టరులో రాయాలి. ఆర్గానోఫాస్ఫరస్, కార్బమేట్ జాతి మందులైతే నెలకోసారి రక్తంలో కోలినెస్టరేజ్ కొలవాలి. రాసి అరవై ఏళ్లకు దగ్గరపడుతోంది.

కోలినెస్టరేజ్ అంటే ఏమిటి? మన నరాల పని సక్రమంగా సాగడానికి కావలసిన ఎంజైము. క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్ వంటి మందులు దీన్నే కట్టిపడేస్తాయి. అది పడిపోతే కళ్లు మసకబారడం, చొంగ, చెమట, వాంతులు, కండరాలు అదరడం, చివరకు ఊపిరి ఆగడం. ఎస్‌జీపీటీ మామూలుగా ఉన్నా కోలినెస్టరేజ్ పడిపోయి ఉండొచ్చు. అంటే శిబిరంలో 'లివరు బాగుంది' అని కాగితం ఇచ్చినా, ఆ మనిషి ఒంట్లో పురుగుమందు పని చేస్తూనే ఉండొచ్చు.

ఈ అంకె మనిషి మనిషికీ వేరుగా ఉంటుంది. కాబట్టి సీజను మొదలయ్యే ముందు ఒకసారి కొలిచి, ఆ మనిషి సొంత అంకెతోనే పోల్చాలి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1974 నుంచి ఇదే చేస్తోంది. మొదటి అంకెలో 80 శాతానికి దిగితే పని పద్ధతులు తనిఖీ చేస్తారు. ఎర్ర రక్తకణాల్లో 70 శాతానికో, ప్లాస్మాలో 60 శాతానికో పడిపోతే ఆ మనిషిని మందు పని నుంచి తప్పిస్తారు. అక్కడ మనిషికి ఉన్న విలువ ఇక్కడ మిర్చి కాయకున్నంత కూడా లేదా?

2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు చల్లుతూ 20 మందికి పైగా చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. అప్పుడు కూడా మాస్కు పెట్టుకోలేదు, గాలికి ఎదురు చల్లారు అని రైతు మీదనే తోశారు. మే నెల ఎండలో కాకపోయినా, భాద్రపదపు ఉక్కపోతలో ప్లాస్టిక్ కోటు తొడుక్కుని తైవాన్ స్ప్రేయర్ మోసి చూపించమనండి ఆ సలహాదారులను.

గడ్డి మందుగా అమ్మే పారాక్వాట్ సంగతి అంతే. అది ఊపిరితిత్తులను, మూత్రపిండాలను, కాలేయాన్ని కూడా దెబ్బతీస్తుంది. దానికి విరుగుడు లేదు. యూరప్ యూనియన్ 2007 నుంచే దాన్ని నిషేధించింది. మన దగ్గర ఊరి దుకాణంలో దొరుకుతుంది.

వాళ్లు చెప్పే సాకులు

"37వ నిబంధన కూలికి పెట్టుకున్నవారికి, సొంత చేనుకు చల్లుకునే రైతుకు కాదు" అంటారు. సరే. మరి కూలికి చల్లేవారికైనా చేశారా? ఏ పీహెచ్‌సీలో ఆ రిజిస్టరు ఉందో చూపించండి. పైగా సొంత చేనులో చల్లితే విషం ఎక్కదా?

"మీరు ప్రతిదానికీ పురుగుమందునే తప్పుబడతారు" అంటారు. లేదు. ఒక మనిషి ఎస్‌జీపీటీ చూసి ఇది పురుగుమందు వల్లేనని మేం చెప్పం. చెప్పలేం. మందు చల్లేవారిలో కాలేయ ఎంజైములు ఎక్కువగా ఉండటం పలు దేశాల అధ్యయనాల్లో కనిపించింది. కానీ ఒక్కొక్కరి విషయంలో కొవ్వా, వైరస్సా, బిళ్లలా, మద్యమా, పురుగుమందా అని ఒక్కొక్కటీ చూసి తేల్చాలి. మేం అడిగేది అదే. చూడకుండా తాగుబోతు అనేది వాళ్లు. చూసి చెప్పండి అనేది మేం.

"ఇన్ని పరీక్షలకు డబ్బెక్కడిది?" అంటారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 63 రకాల పరీక్షలు ఉండాలని కేంద్రం తానే ప్రమాణాలు రాసుకుంది. తెలంగాణలో డయాగ్నస్టిక్ కేంద్రాలు 2018లోనే మొదలయ్యాయి. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద బి, సి పరీక్షలూ మందులూ ఉచితం. ఉన్నవాటిని రైతు దాకా తెస్తే సగం సమస్య తీరుతుంది. వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్ల సంఖ్య ఈ నాలుగూ తీసుకుని ఫిబ్-4 అనే లెక్క కడితే కాలేయం గట్టిపడే ప్రమాదం ఎంతో వైద్యుడు అంచనా వేయగలడు. 1.3 లోపు ఉంటే ప్రమాదం తక్కువ. 65 ఏళ్లు దాటినవారికి 2 దాకా చూస్తారు. దానికి పెద్ద యంత్రం అక్కర్లేదు, కాగితం, క్యాలిక్యులేటర్ చాలు.

సభ్యులు చేయాల్సింది

కాగితం మీద 'హెచ్' పడితే కంగారు పడొద్దు, పారేయొద్దు. పాత కాగితాలన్నీ ఒక కవరులో దాచండి. అంకె గీత కంటే రెండు మూడింతల లోపు ఉండి, ఒంట్లో బాగుంటే, వారం పది రోజులు బరువు పనికి, మద్యానికి, అనవసరపు బిళ్లలకు దూరంగా ఉండి, వైద్యుడు చెప్పిన సమయానికి మళ్లీ పరీక్ష చేయించుకోండి. క్షయ మందులు వాడేవారు మాత్రం సొంతంగా ఆపొద్దు, వెంటనే వైద్యుడికి చూపించండి. రెండోసారీ ఎక్కువే ఉంటే షుగరు, హెపటైటిస్ బి, సి, పొట్ట స్కానింగు అడగండి.

కొవ్వు కాలేయం అని తేలితే, 70 కిలోల మనిషి ఐదు నుంచి ఏడు కిలోలు మెల్లగా తగ్గితే కాలేయం కోలుకుంటుంది. అన్నం తగ్గించి పప్పు, ఆకుకూర పెంచడం, తీపి టీలు, కూల్‌డ్రింకులు మానడం టానిక్కు కన్నా మేలు.

కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, పొట్ట ఉబ్బినా, రక్తపు వాంతి లేదా నల్ల విరేచనం అయినా, మనిషి తికమకపడినా, అంకె వందల్లోకి పోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పసరు కోసం రోజులు పోగొట్టొద్దు. మందు చల్లాక తల తిరిగినా, చూపు మసకబారినా బట్టలు మార్చి, సబ్బుతో కడిగి, మందు డబ్బా లేబులు వెంట తీసుకుని పోవాలి. లేబులు చూస్తేనే వైద్యుడికి విరుగుడు తెలుస్తుంది.

వైద్యుడు అడగకపోయినా మీరే చెప్పండి: ఏ పైరు, ఏ మందు, ఎన్నిసార్లు, ఆఖరుసారి ఎప్పుడు. డ్రమ్ములో కలిపే ఆడవాళ్లు, మందు కొట్టిన చేలో కాయ కోసే కూలీలు కూడా చెప్పాలి.

మన డిమాండ్లు

1. పురుగుమందు చల్లే ప్రతి రైతుకూ, కూలీకీ సీజను ముందు ఒకసారి, సీజనులో నెలనెలా కోలినెస్టరేజ్ పరీక్షను పీహెచ్‌సీ ద్వారా ఉచితంగా చేయాలి. సొంత చేను, కూలి చేను అనే తేడా ఉండకూడదు.

2. 37వ నిబంధన కింద రిజిస్టర్లు ఎక్కడున్నాయో, ఎంతమందిని పరీక్షించారో రెండు రాష్ట్రాల వ్యవసాయ శాఖలూ ప్రకటించాలి.

3. చట్టంలోని 26వ సెక్షన్ ప్రకారం పురుగుమందు విషప్రభావం జరిగిన ప్రతి కేసునూ ఆసుపత్రులు తెలియజేసేలా చేయాలి. తెలియని కేసుకు పరిహారం రాదు.

4. శిబిరాల్లో ఎస్‌జీపీటీ పెరిగినవారికి కారణం తేల్చే పరీక్షలు అక్కడే రాయాలి. శిబిరంలో టానిక్కులు అమ్మడం ఆపాలి.

5. ప్రతి పీహెచ్‌సీలో రోగి చీటీ మీద 'ఏ పురుగుమందు, ఎప్పుడు' అనే గడి ఉండాలి.

6. పారాక్వాట్‌ను నిషేధించాలి. రేషనులో పప్పులు, చిరుధాన్యాలు ఇవ్వాలి. బెల్టుషాపులు ఎత్తివేయాలి.

ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో ఈ డిమాండ్లు చదవండి. మందు చల్లే సభ్యుల పేర్లు, వాడే మందుల పేర్లు ఒక నోటుపుస్తకంలో రాయండి. ఆ జాబితాతో పీహెచ్‌సీ వైద్యాధికారిని, మండల వ్యవసాయాధికారిని కలిసి, వినతిపత్రం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. సంతకం ఉన్న కాగితాన్ని జిల్లా కమిటీకి పంపండి. ఊరూరి నుంచీ అలాంటి కాగితాలు చేరితే, ఆ రిజిస్టరు ఎక్కడుందని కలెక్టరు ముందే నిలదీసి అడగొచ్చు.